తిథి తెలుసు, జబ్బు తెలియదు

ఏటా సంక్రాంతి నాడు మా ఇంట్లో పెద్దలకు బట్టలు పెడతాం. పీట మీద పటాలు వరసగా నిలబెట్టి, కొత్త పంచెలూ చీరలూ మడత విప్పకుండా వాటి ముందు ఉంచి, గారెలూ పరమాన్నమూ వడ్డించిన విస్తరి దగ్గర మా నాన్న ఒక్కొక్కరి పేరే పైకి పలుకుతాడు. ఆయనకు తన ముత్తాత పేరు కూడా నోటికి వచ్చు. ఎవరు ఏ మాసంలో, ఏ పక్షంలో, ఏ తిథిన పోయారో కాగితం చూడకుండా చెప్పగలడు. తద్దినాలు శాస్త్రోక్తంగా పెట్టే ఇళ్ళలోనైతే తండ్రి, తాత, ముత్తాతలను ఏటా గోత్రనామాలతో పలకవలసిందే కనక, మూడు తరాలు మరుపున పడే వీలే ఉండదు. చనిపోయిన రోజును ఇంత భద్రంగా కాపాడుకున్న మనం, ఆ మనిషి ఏ జబ్బుతో, ఎన్నో ఏట, ఎలా బాధపడి పోయాడన్నది మాత్రం ఎక్కడా దాచుకోలేదు. ఈ లోటు నాకు 39వ ఏట, ఒక డాక్టరమ్మ ఎదుట కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది.

ఆఫీసువాళ్ళు చేయించిన రక్తపరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్ ఉండవలసినదానికంటే బాగా ఎక్కువ వచ్చింది. కాగితం చూసిన డాక్టరమ్మ, మా ఇంట్లో తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ 55 ఏళ్ళలోపు, తల్లికి గానీ అక్కచెల్లెళ్ళకు గానీ 65 ఏళ్ళలోపు గుండెజబ్బు వచ్చిందా అని అడిగింది. లేదండీ అన్నాను, క్షణం కూడా ఆలోచించకుండా. "పోనీ, నాన్నగారి వైపు గానీ అమ్మగారి వైపు గానీ చిన్న వయసులో, ఏ జబ్బూ లేకుండా, హఠాత్తుగా పోయినవాళ్ళున్నారా?" అని ఆమె రెండోసారి అడిగినప్పుడు నాకు మా పెదనాన్న గుర్తొచ్చాడు.

మా పెదనాన్న 1991లో పోయాడు. అప్పటికి నాకు ఆరేళ్ళు. ఆయన గురించి ఇంట్లో చెప్పుకునే మాట ఒక్కటే: "పుణ్యాత్ముడు, నిద్రలోనే పోయాడు." అనాయాస మరణం కావాలని దేవుణ్ణి వేడుకునే సంస్కృతి మనది, కాబట్టి మంచం పట్టకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా పోవడం మన కళ్ళకు వరంలాగే కనిపిస్తుంది. 84 ఏళ్ళవాడు అలా పోతే అది వరమే కావచ్చు. మా పెదనాన్నకు 44 ఏళ్ళు. పుణ్యాత్ముడన్న ఆ మాటను ముప్పై మూడేళ్ళపాటు అందరమూ అనుకుంటూ వచ్చామే తప్ప, ఆ వయసు ఎంతో ఒక్కసారి లెక్కవేసి చూసినవాళ్ళం లేము.

ఆ డాక్టరమ్మ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను మా పెద్ద మేనత్త దగ్గరికి వెళ్ళాను. ఆమె ఉండేది కనిగిరికి ఆవల, మా సొంత ఊరికి రెండు కోసుల దూరంలో. వయసు 82, మా నాన్న తోబుట్టువుల్లో అందరికంటే పెద్దది, అందరి పురుళ్ళూ అందరి చావులూ చూసినది. నేను వెళ్ళేసరికి వసారాలో చాప మీద కూర్చుని చింతపండుకు గింజ తీస్తోంది. నేను పుస్తకం తెరిచి కలం తీయడం చూసి ఆమె ముందు నవ్వింది, తర్వాత చిరాకు పడింది.

"అదేందమ్మాయ్, పోయినోళ్ళ జబ్బులు ఎవురన్నా రాసి పెట్టుకుంటారా? పేరు తలుచుకోని దణ్ణం పెట్టుకుంటారు గానీ."

ఏ జబ్బుతో పోయారని నేరుగా అడిగితే ఆమె నుంచి వచ్చిన జవాబులు అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి: ఆయుష్షు తీరింది, జొరమొచ్చింది, ముసలోడై పోయాడు. ఒక పూటంతా అలా వృథా అయ్యాక నేను ప్రశ్న మార్చాను. జబ్బు పేరు అడగడం మానేసి, పోవడానికి ముందు వారం రోజులు ఏం జరిగిందో చెప్పమన్నాను. అంతే, అత్త జ్ఞాపకం ఒక్కసారిగా తెరుచుకుంది. ఎవరికి మూతి వంకర పోయింది, ఎవరికి ఎడమ చెయ్యి పడిపోయింది, ఎవరు రాత్రికి నాలుగుసార్లు లేచి కుండలో నీళ్ళన్నీ తాగేవారు, ఎవరి కాలి పుండు ఏడాదైనా మానలేదు, ఇవన్నీ ఆమె చింతపండు మీద నుంచి చూపు ఎత్తకుండా చెప్పుకుపోయింది. పక్షవాతమన్న మాటా, షుగర్ అన్న మాటా ఆమె ఒక్కసారైనా వాడలేదు. వాడవలసిన అవసరమూ లేదు. మన ఇళ్ళలో ముసలివాళ్ళకు జబ్బుల పేర్లు తెలియవు గానీ జబ్బుల నడక తెలుసు. మనం పేర్లు అడిగి, జవాబు రాలేదని పుస్తకం మూసేస్తాం.

పెదనాన్న సంగతి మాత్రం ఆమెకు తెలియదు, ఆ రోజుల్లో ఆమె అత్తగారింట ఉంది. దాని జవాబు మా ఇంట్లోనే, మా తాత చిట్టా పుస్తకంలో దొరికింది. మా తాత పొగాకు రైతు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకంలో పొగాకు కాల్చే బ్యారన్‌కు కొన్న కట్టెల దగ్గర నుంచి దీపావళి టపాకాయల వరకు ప్రతి పైసా రాసేవాడు. చావులూ పుట్టుకలూ రాయాలన్న ఆలోచన ఆయనకు ఉండేది కాదు. 1991 ఫిబ్రవరి పేజీలో, పెదనాన్న పోయిన ముందురోజు తేదీ కింద, కూలీల లెక్క తర్వాత మూడు పద్దులున్నాయి: గోళీ సోడాలు 3, అమృతాంజనం 1, ఆరెంపీకి సూదిమందు. ఆ మరుసటి పద్దు "ఒంగోలుకు జీపు బాడుగ" అని రాసి, ఎదుట అంకె వేయకుండా అడ్డంగా కొట్టేసి ఉంది.

నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. సోడా తాగించారంటే గుండెలో మంటో బరువో అన్నాడన్న మాట. అమృతాంజనం రాశారంటే వీపో భుజమో లాగిందన్న మాట. ఊళ్ళో వైద్యం చేసే ఆరెంపీతో సూది వేయించారంటే సాయంత్రానికి తగ్గలేదన్న మాట. జీపు మాట్లాడారంటే భయపడ్డారన్న మాట. ఆయన నిద్రలోనే పోయి ఉండవచ్చు, కాని ఆ నిద్రకు ముందు ఒక పగలంతా నొప్పి ఉంది. గ్యాసు అనుకున్నారు. ఆ కాలంలో, ఆ ఊళ్ళో, 44 ఏళ్ళ సన్నని మనిషికి, బీడీ కూడా ముట్టనివాడికి గుండెపోటు వస్తుందని ఎవరనుకుంటారు? నేను వాళ్ళను తప్పుపట్టడం లేదు. నా బాధల్లా, ఆ పగలు ముప్పై మూడేళ్ళపాటు కుటుంబం జ్ఞాపకంలోంచి పూర్తిగా చెరిగిపోయి, దాని స్థానంలో ఒక మంచి మాట వచ్చి కూర్చోవడం గురించే.

ఇక్కడ నేను వాదించదలచుకున్నది ఒకటే. కుటుంబ ఆరోగ్య చరిత్ర అంటే డాక్టరు ఫారంలో షుగర్, బీపీ, గుండె, క్యాన్సర్ అన్న గడుల్లో టిక్కు పెట్టడం కాదు. అసలు అరవై దాటిన తెలుగువాళ్ళలో షుగరో బీపీయో లేని ఇల్లు వెతికినా దొరకడం కష్టం. ఉందని టిక్కు పెట్టినందువల్ల డాక్టరుకు కొత్తగా తెలిసేది పెద్దగా ఉండదు. ఆమెకు కావలసింది వయసు. 72వ ఏట వచ్చిన గుండెపోటు మనిషిని గురించి చెప్తుంది, 44వ ఏట వచ్చినది వంశాన్ని గురించి చెప్పే అవకాశం ఉంది. చెడ్డ కొలెస్ట్రాల్‌ను రక్తంలోంచి తొలగించే ఏర్పాటులోనే పుట్టుకతో లోపం ఉండే జబ్బు ఒకటుంది. అది సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. తిండితోనూ లావుతోనూ నిమిత్తం లేకుండా చిన్న వయసులోనే గుండె రక్తనాళాలు పూడుకుపోతాయి. పెద్దవాళ్ళలో చెడ్డ కొలెస్ట్రాల్ 190 దాటితే డాక్టర్లు మొదట అనుమానించేది దీన్నే. పెద్దపేగు క్యాన్సర్ విషయంలోనైతే లెక్క మరీ సూటిగా ఉంటుంది: తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఒకరికి ఆ జబ్బు ఎన్నో ఏట బయటపడిందో దానికి పదేళ్ళ ముందు, లేదా 40వ ఏట, ఏది ముందైతే అప్పటి నుంచి పరీక్షలు మొదలుపెట్టమంటారు. వయసు తెలియనిదే ఆ లెక్క మొదలే కాదు.

చిట్టా పేజీ ఫొటో తీసి పెదనాన్న పెద్దకొడుక్కి పంపాను. అన్నయ్యకు 50 దాటుతున్నాయి. తండ్రిలాగే సన్నగా ఉంటాడు, రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తాడు. కొలెస్ట్రాల్ లావుపాటి వాళ్ళ జబ్బు అని గట్టిగా నమ్మే మనిషి, వారం రోజులు నాతో వాదించి చివరికి విసుగ్గా పరీక్ష చేయించుకున్నాడు. చెడ్డ కొలెస్ట్రాల్ 212 వచ్చింది. ఇప్పుడు రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటున్నాడు, అదీ సణుగుతూ. ఇందులో అద్భుతమేమీ లేదు. ఆ మాత్ర ఆయనకు ఇరవై ఏళ్ళ క్రితమే అందవలసింది, అంతే.

రెండోనాడు మధ్యాహ్నం, నేను అడగకుండానే, అత్త మా చిన్న మేనత్త మాట ఎత్తింది. చిన్నత్త 1996లో, 41వ ఏట పోయింది. పచ్చకామెర్లని మా అందరికీ తెలుసు. పసరు మందు కోసం ఎక్కడెక్కడికో తిప్పారని కూడా తెలుసు. అత్త చేతిలో గింజ పక్కన పెట్టి, లోపల కోడలు వినడం లేదని నిర్ధారించుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"కామెర్లు ఆకర్న వచ్చినయ్యమ్మాయ్. ముందు ఎదలో గడ్డ లేచింది దానికి. రెండేళ్ళు జాకెట్టు లోపల గుడ్డ పెట్టుకోని తిరిగింది, ఎవురికీ చెప్పలా. నాకు మటుకు చూపిచ్చింది. ఇద్దరాడపిల్లలు పెళ్ళికి ఎదిగొస్తన్నారు గదా, చెప్పొద్దంది."

ఆ గడ్డ క్యాన్సరై కాలేయానికి పాకితే కామెర్లు వస్తాయి. ఆ చివరి లక్షణమే మా కుటుంబంలో ఆమె జబ్బు పేరుగా స్థిరపడింది. మరణ ధ్రువపత్రం తీయిస్తే తెలుస్తుందేమోనని ప్రయత్నించాను. తెలియదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, 17వ సెక్షన్ కింద ఇచ్చే మరణ ధ్రువపత్రంలో మరణ కారణం కనబడకూడదని స్పష్టంగా చెప్తుంది. రిజిస్టరులో రాసి ఉన్నా సరే, మనకిచ్చే కాగితం మీద పేరూ తేదీ స్థలం లాంటివే ఉంటాయి. మనిషి గోప్యత కోసం పెట్టిన నియమమే, కాదనను. అయితే 2023లో ఆ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, ఆసుపత్రిలో మరణిస్తే కారణాన్ని ధ్రువీకరించే పత్రం ప్రతిని దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాలి. ఆ ఘడియలో ఎవరికీ కాగితాలు అడిగే మనసుండదు, నిజమే. కాని పదో రోజో పన్నెండో రోజో, చదువుకున్న మేనల్లుడు ఒకడు వెళ్ళి అడిగి తెచ్చి, భూమి పాసుపుస్తకాలున్న బీరువాలో పెట్టగలడు.

చిన్నత్త దాచింది తన సిగ్గు కోసం కాదు, కూతుళ్ళ పెళ్ళిళ్ళ కోసం. మన కుటుంబాల్లో ఆరోగ్య చరిత్రను చెరిపేస్తున్నది అజ్ఞానం కంటే ఎక్కువగా పెళ్ళి చూపులే అని నా నమ్మకం. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళు అటు ఏడుతరాలూ ఇటు ఏడుతరాలూ విచారిస్తారనే భయంతో, క్షయ జలుబవుతుంది, మూర్ఛ నీరసమవుతుంది, పిచ్చి గాలి సోకడమవుతుంది, గడ్డ కామెర్లవుతుంది. ఏ కూతుళ్ళ కోసం దాచారో ఆ కూతుళ్ళకే అది తెలియవలసిన సంగతి కావడం ఇందులోని అన్యాయం. చిన్నత్త పెద్దకూతురు నాకు వదిన, 48 ఏళ్ళు. తల్లి ఏ జబ్బుతో పోయిందో ఆమెకు మొదటిసారి చెప్పినది నేను. ఆ ఫోన్ సంభాషణ ఇక్కడ రాయను.

ఆడవాళ్ళ జబ్బు అమ్మ వైపు నుంచే వస్తుందనే నమ్మకం ఒకటి చదువుకున్నవాళ్ళలో కూడా గట్టిగా ఉంది. నేనూ అలాగే అనుకున్నాను: మా అమ్మకూ అమ్మమ్మకూ అలాంటివేమీ లేవు కనక నాకేమీ లేదని. రొమ్ము క్యాన్సర్‌తో సంబంధమున్న బీఆర్‌సీఏ జన్యువుల్లో ఒకదాన్ని 1994లోనూ రెండోదాన్ని 1995లోనూ గుర్తించారు. వాటిలోని లోపం తండ్రి నుంచి కూడా అంతే సులువుగా కూతురికి వస్తుంది. మోసుకొచ్చిన తండ్రికి జీవితాంతం ఏమీ కాకపోవచ్చు. మేనత్త జబ్బు మేనకోడలికి సంబంధించినదే. రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశంలో దిగివచ్చేవి నూటికి అయిదు నుంచి పది వరకే ఉంటాయి కాబట్టి అందరూ హడలిపోనక్కర లేదు, కాని ఇంత చిన్న వయసులో వచ్చిందంటే ఒకసారి అడిగి తెలుసుకోవలసిందే. వదిన హైదరాబాదు వచ్చి జన్యు సలహా తీసుకుంది. పరీక్ష ఫలితం ఆమె సొంతం.

ఆ సలహా ఇచ్చే గదిలో నేనూ వదిన పక్కన కూర్చున్నాను. డాక్టరు యంత్రాలేమీ తీయలేదు. ఒక తెల్ల కాగితం, పెన్సిలు తీసి, మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు సున్నా, పోయినవాళ్ళ మీద ఏటవాలు గీత, జబ్బు ఉన్నవాళ్ళకు లోపల నలుపు, ఇలా మా వంశాన్నంతా ముప్పావు గంటలో గీసుకుంది. భార్యాభర్తలను కలిపే గీత ఒకటే ఉంటుంది. రక్తసంబంధంలో పెళ్ళి అయితే జంట గీత గీస్తారు. మా కాగితం మీద మూడు జంట గీతలు పడ్డాయి. "మీది చెట్టులా లేదమ్మా, వలలా ఉంది" అందామె నవ్వుతూ.

ఆ వల ఎందుకు ముఖ్యమో మేనరికాలు చేసుకునే మనం తెలుసుకోవాలి. మేనత్త, మేనమామ బిడ్డలు పెళ్ళి చేసుకుంటే, పుట్టే బిడ్డకు ఏ జన్యువులోనైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి దగ్గర నుంచే వచ్చే అవకాశం 16కు 1; అక్క కూతుర్ని చేసుకుంటే 8కి 1. లోకంలో ఏ దంపతులకైనా నూటికి రెండు మూడు కాన్పుల్లో బిడ్డకు పుట్టుకతో తీవ్రమైన లోపం ఉండే అవకాశం ఉంటుంది. మేనరికంలో దానికి మరో రెండు మూడు కలుస్తాయి. అంటే మేనరికాలు చేసుకున్న ఎక్కువమందికి ఆరోగ్యమైన బిడ్డలే పుడతారు, మా అమ్మానాన్నలకు మేమిద్దరం పుట్టినట్టే. అందుకే మేనరికాన్ని తిట్టిపోసే ఉపన్యాసాల మీద నాకు గౌరవం తక్కువ. కాని ఒకే ఇంట్లో ఒకే తీరుగా బిడ్డలు పోయి ఉంటే ఆ లెక్క మారిపోతుంది, ఆ బిడ్డల సంగతి ఎవరో ఒకరు గుర్తు పెట్టుకుని ఉండాలి.

పెద్దత్తను ఆమె మేనమామకే ఇచ్చారు. నా పుస్తకంలో ఆమెకు ముగ్గురు పిల్లలని రాసుకున్నాను. అందరికీ తెలిసిన లెక్క అది. కాన్పులు ఎన్ని అని అడిగితే అయిదు అంది. మొదటి ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. ఎలా అని అడిగాను.

"మెడ నిలవలేదమ్మాయ్. ఇద్దరికీ అంతే. ఎత్తుకుంటే తల యాలాడిపోయేది. పాలు తాగలేకపొయ్యేవోళ్ళు."

ఆ ఇద్దరికీ పటాలు లేవు. పసిబిడ్డలకు పెద్దల వరసలో బట్టలు పెట్టరు, తిథి పలకరు; కాబట్టి తిథులు కాపాడిన కుటుంబంలో కూడా వాళ్ళు లెక్కలోకి రారు. కాని మెడ నిలవలేదన్న ఆ రెండు మాటలకు జన్యు సలహా ఇచ్చే డాక్టరు తన పెన్సిలు ఆపి, పిల్లల నెలలు అడిగి, పాలు తాగడం గురించి రెండుసార్లు అడిగి, రెండు చిన్న గుర్తులు గీసి లోపల నలుపు నింపింది. అత్త మనవడికి మా బంధువుల్లోనే పిల్లను చూస్తున్నారు. పెళ్ళికి ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకోవడం మంచిదని ఆమె చెప్పింది. అత్తకు ఆ మాట చేరవేసినప్పుడు ఆమె బాధపడలేదు. అరవై ఏళ్ళ తర్వాత ఆ బిడ్డల గురించి అడిగినవాళ్ళు నువ్వొక్కదానివే అంది.

వంశంలో కనిపించేదంతా రక్తంలోదే అనుకోవడం కూడా పొరపాటే. మా ఇంట్లో ఒక నానుడి ఉండేది: "మా వంశంలో నడుములు వంగుతాయి." మా తాత అరవై ఏళ్ళకే విల్లులా వంగిపోయాడు, ఆయన తమ్ముడూ అంతే. పళ్ళు అందరివీ గారపళ్ళే. ఇదంతా వంశపారంపర్యమని మా నాన్న ఇప్పటికీ అంటాడు. నేను ప్రతి పేరు పక్కనా పెరిగిన ఊరు కూడా రాసేసరికి ఆ నమ్మకం కూలిపోయింది. మా ఊరి బావి నీళ్ళు తాగి పెరిగినవాళ్ళందరికీ గారపళ్ళున్నాయి, మా రక్తం లేని కోడళ్ళ నడుములు కూడా వంగాయి. చీరాలలో పెరిగిన చిన్నత్త పిల్లల పళ్ళు మల్లెమొగ్గల్లా ఉన్నాయి. మా పడమటి ఊళ్ళు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లా నీళ్ళలోని ఫ్లోరైడు మనుషుల ఎముకలను ఇలా చేస్తోందని షార్ట్ తదితర వైద్యులు 1937లోనే రాశారు. నల్లగొండ పేరు మోగింది గానీ, మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించినది మా ప్రాంతంలోనే. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదు. పంటి మీద మరకలు పళ్ళు తయారయ్యే చిన్నతనంలో ఆ నీళ్ళు తాగితేనే వస్తాయి, కాబట్టి గారపన్ను చూసి ఆ మనిషి బాల్యం ఎక్కడ గడిచిందో చెప్పవచ్చు. వాళ్ళవల్ల మాకు వచ్చింది జన్యువు కాదు, బావి. శ్రీకాకుళం ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బు కనబడుతున్నప్పుడు కూడా రక్తంతోపాటు నీరు, ఎండలో చేసే పని, ఊరు అన్నీ రాసి పెట్టుకోవలసినవే.

కాగితం మీద ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో చెప్పడానికి నాకు తెలిసిన ఉదాహరణల్లో నా కాలేజీ స్నేహితురాలి ఇంటిది అన్నిటికంటే సూటిగా ఉంటుంది. వాళ్ళు ఆర్యవైశ్యులు. వాళ్ళ బాబాయికి చిన్న ఆపరేషన్ జరిగితే, మత్తు దిగవలసిన వేళకు ఊపిరి సొంతంగా అందుకోలేక చాలా గంటలు వెంటిలేటర్ మీద ఉన్నాడు. తర్వాత బాగానే ఇంటికి వచ్చాడు. మత్తు ఎక్కువిచ్చారని ఇంట్లో చాలా ఏళ్ళు డాక్టర్లను తిట్టుకున్నారు. నిజానికి కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందును విరగ్గొట్టే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే ఉండదు; నిమిషాల్లో దిగిపోవలసిన మందు గంటలు ఉండిపోతుంది. ఈ లోపం వైశ్యుల్లో మిగతా సమాజాల కంటే చాలా ఎక్కువగా కనబడుతుంది. తరతరాలుగా లోపలి పెళ్ళిళ్ళే చేసుకున్న సమాజాల్లో ఇలాంటి లోపాలు ఎలా పేరుకుంటాయో వివరిస్తూ, హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్‌తో కలిసి శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన పరిశోధనలో కూడా వైశ్యుల ఉదాహరణ ఉంది. ఈ లోపంతో మనిషికి నిత్యజీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుతో "మా బాబాయికి మత్తు దిగడం ఆలస్యమైంది" అని చెప్తే చాలు, ఆయన వేరే మందు వాడతాడు. నా స్నేహితురాలు తన సిజేరియన్ ముందు ఆ మాట చెప్పింది.

ఇవన్నీ విన్న మా తమ్ముడు, డాలస్‌లో ఉంటాడు, ఉమ్మి ఉన్న గొట్టం పోస్టులో పంపితే డీఎన్ఏ అంతా చెప్పేస్తుంటే ముసలమ్మల దగ్గర కూర్చోవడమెందుకని అడిగాడు. డీఎన్ఏ అక్షరాలు చెప్తుంది. ఆ అక్షరాలు మన ఇంట్లో ఎవరిని ఎన్నో ఏట ఏం చేశాయో అత్త చెప్తుంది. పరీక్ష చేసే డాక్టరు కూడా ఏ జన్యువులో వెతకాలో ఆ కథ విన్నాకే తేల్చుకుంటుంది. ఇంతకీ మా తమ్ముడు అక్కడి డాక్టరు ఫారంలో కుటుంబ చరిత్ర గడులన్నిటిలో "లేదు" అని నింపి వచ్చాడట. తెలియదన్నదానికీ లేదన్నదానికీ తేడా ఉంది. అమెరికాలో ప్రజారోగ్యానికి పెద్ద డాక్టరు లాంటి సర్జన్ జనరల్ 2004లో థాంక్స్‌గివింగ్ రోజును కుటుంబ ఆరోగ్య చరిత్ర దినంగా ప్రకటించి, అందరూ ఒకచోట చేరిన రోజే అడిగి రాసుకోమన్నాడు. మనకు సంక్రాంతి ఉంది, పెద్దల పేర్లు పలికే అలవాటు కూడా ఉంది. ఆ పేరు పలికిన నోటితోనే వయసూ లక్షణమూ అడగడం కష్టమేమీ కాదు.

తెలిస్తే భయమే మిగులుతుందంటారు కొందరు. నిజమే, నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. బీమావాళ్ళకు తెలుస్తుందంటారు మరికొందరు. ప్రపోజల్ ఫారంలో అడిగినదానికి తెలిసి అబద్ధం రాస్తే రేపు క్లెయిమ్ పోవచ్చు కనక, ఆ భయం దాచడానికి కారణం కాలేదు. నాకు నిజంగా జవాబు దొరకని అభ్యంతరం వేరే ఉంది. బతికి ఉన్నవాళ్ళ సంగతి వాళ్ళను అడగకుండా రాసే హక్కు నాకు లేదు. పోయినవాళ్ళ సంగతి రాసినా వాళ్ళ పిల్లలు నొచ్చుకుంటారు. ఆ కాగితాన్ని నేను కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టలేదు, పెట్టను. ఎవరి గీతలు ఎవరికి కావాలో వాళ్ళకే విడిగా పంపాను. మా తాత తమ్ముడి కొడుకు ఒకాయన కాలు జారి బావిలో పడ్డాడని చెప్తారు. అత్త అదేమిటో నాకు చెప్పి, రాయొద్దని ఒట్టు వేయించుకుంది. ఆ గడి ఖాళీగానే ఉంది. దాచడమే జబ్బు అని ఇంత వాదించిన నేను, ఆ ఒక్క చోట దాచాను. మనసు జబ్బులు కూడా కుటుంబాల్లో నడుస్తాయని తెలిసీ దాచాను.

మొత్తం పుస్తకం పూర్తయ్యాక చివరి వరసలో నా పేరు రాసుకోవలసి వచ్చింది. పుట్టిన సంవత్సరం, పెరిగిన ఊరు, కొలెస్ట్రాల్ అంకె రాశాక చెయ్యి ఆగింది. 2014లో మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నాకు గర్భిణీ షుగర్ వచ్చింది. కాన్పుతో పోయింది. అలా వచ్చిపోయినవాళ్ళకు తర్వాత అసలు షుగర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ, ఏటా పరీక్ష చేయించుకోవాలని అప్పుడే డాక్టరు చెప్పింది. అత్తగారింట్లో తెలిస్తే బాగుండదని అమ్మ అంటే, ఆ ఫైలు పుట్టింట్లోనే వదిలేసి వచ్చాను. చిన్నత్త జాకెట్టులో గుడ్డ పెట్టుకున్నట్టే.

రాశాను. రాసి, మా ఆయనకు చూపించాను. అప్పటికిగానీ నాకు తట్టలేదు, మా అమ్మాయి కాగితంలో సగం ఇంకా ఖాళీగానే ఉందని. మా ఆయన వైపు పేర్లు కూడా రెండు తరాలకు మించి నాకు తెలియవు. మొన్న ఆదివారం పుస్తకం పట్టుకుని మా అత్తగారి దగ్గర కూర్చున్నాను. "మా వైపు ఎవరికీ ఏమీ లేవమ్మా, అందరూ నిక్షేపంలా ఉండేవాళ్ళు" అన్నారావిడ, భోజనం చేసి బీపీ మాత్ర వేసుకోవడానికి మంచినీళ్ళ చెంబు అందుకుంటూ.